అంచు మీది పేరు

అమలాపురం గడియారస్తంభం వెనక సందులో ఆనందరావుకి ఒక బైండింగు షాపు ఉండేది. ప్లీడర్ల లా పుస్తకాలు, ఆఫీసు రిజిస్టర్లు, కాలేజీ లైబ్రరీలో వెన్ను విరిగిన పుస్తకాలు అక్కడికొచ్చి కొత్త అట్టలు కట్టించుకుని వెళ్ళేవి. ఇంతవరకూ ఊరందరికీ తెలుసు. షాపు వెనక గదిలో ఒక చెక్క బీరువా ఉండేది. చెదలు ఎక్కకుండా దాని నాలుగు కాళ్ళూ కిరసనాయిలు పోసిన కొబ్బరిచిప్పల్లో నిలబెట్టాడు. అందులో ఏముందో తెలిసినవాళ్ళు తక్కువ. తెలిసినవాళ్ళు నవ్వేవారు.

అందులో ఉన్నవి దొరల బిరుదుల పుస్తకాలు. లండన్‌లో అచ్చయినవి, ఎనభై తొంభై ఏళ్ళ కిందటివి, ఒక్కోటి పీటంత. తోలు అట్ట, అంచులకి బంగారు పూత. లోపల పేజీ తిప్పితే ఇంగ్లండు రాజు కత్తితో భుజం తట్టి ‘సర్’ అని పిలిచిన నైట్‌లు, వాళ్ళు వేసుకునే నీలి మఖమల్ అంగీలు, మెడలో వేసుకునే గొలుసులు, రొమ్ము మీద పెట్టుకునే ఎనిమిది కోణాల నక్షత్రాలు. ఆ పక్కనే యుద్ధాల్లో సైనికులకిచ్చిన పతకాలు, వాటి రిబ్బన్లు. రంగు బొమ్మలన్నీ రాతి అచ్చు మీద ఒక్కో రంగూ విడివిడిగా ఎక్కించినవి. ప్రతి బొమ్మ మీదా ఉల్లిపొర కాగితం. ఆ పొర ఎత్తేటప్పుడు ఆనందరావు ఊపిరి బిగబట్టేవాడు.

సొంతూరి పేటలో కుర్రాళ్ళు, “మావయ్యా, రాజుగారు నీకెప్పుడు పంపిస్తాడే ఆ అంగీ?” అనేవారు. సంఘాల్లో తిరిగే మిత్రులు ఇంకో రకంగా దెప్పేవారు. సామ్రాజ్యవాదుల నగల కేటలాగులు పోగేసే దళితుణ్ణి నిన్నే చూశాం అనేవారు. ఆనందరావు కోప్పడేవాడు కాదు.

“ఆయ్, నగల కేటలాగే,” అనేవాడు. “మా ఇంటి నగొకటి పోయింది. ఎలాంటిదో తెలిస్తే కదండీ, ఎక్కడుందో చెప్పడానికి.”

ఆ నగ కథ చెప్పాలంటే అతని తాత ఇశ్రాయేలు దగ్గరికి వెళ్ళాలి. కొత్తపేటకి నాలుగు కోసుల్లో, గౌతమి ఒడ్డున ఉన్న ఊరు వాళ్ళది. ఊరి పేరు రాయడం లేదు. దాని బదులు చుట్టుపక్కల ఏ లంక పేరు రాసుకున్నా ఈ కథలో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. ఇశ్రాయేలు ఆ ఊరి మాలపేట మనిషి. రేవులో పడవ తోసేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో మద్రాసు సాపర్ల దళంలో చేరి మెసపొటేమియా వెళ్ళాడు. సాపర్లంటే తుపాకీ కన్నా పలుగూ పారా ఎక్కువ పట్టే సైనికులు, వంతెనలు కట్టేవాళ్ళు. టైగ్రిస్ నది మీద పడవలు వరసగా పేర్చి వంతెన కడుతుంటే అవతలి గట్టు నుంచి గుళ్ళు కురిశాయట. పడవలు తాళ్ళు తెంచుకుని పోతుంటే, వరద గోదావరి ఎరిగిన ఇశ్రాయేలు నీళ్ళలో దూకి, వాటిని ఒక్కొక్కటే పట్టి తెచ్చాడట. అందుకు అతనికి వెండి పతకం ఇచ్చారు. ఒకవైపు రాజు తల, రెండోవైపు ఆకుల దండ, పైన నీలం రిబ్బను, దాని మధ్యలో ఎర్ర చార.

1919లో రేవు దిగి, బూట్లతో, రొమ్ము మీద పతకంతో ఇశ్రాయేలు ఊరి పెద్దవీధిలో నడిచాడు. ఆ వీధిలో అతని కులంవాళ్ళెవరూ అంతకుముందు చెప్పులతో నడవలేదు. మునసబు కామరాజుగారు అరుగు మీద నుంచి పిలిచాడు. ముందు బూట్లు విప్పించాడు. తర్వాత పతకం విప్పించాడు. తిట్టలేదు, కొట్టలేదు. “ఇది రాజముద్రరా. నీ పాకలోంచి దొంగలెత్తుకుపోతే గవర్నమెంటు నిన్నే అడుగుద్ది. మా ఇనప్పెట్టెలో భద్రంగా ఉంటది,” అన్నాడు.

భద్రం. మన ఊళ్ళలో ఈ మాట కింద ఎన్ని పోయాయో ఎవరైనా రాస్తే బాగుణ్ణు. పట్టాలు భద్రంగా ఉంచారు, వేలిముద్రల కాగితాలు భద్రంగా ఉంచారు, పతకమూ భద్రంగా ఉంచారు. కొట్టి లాక్కుంటే కనీసం లాక్కున్నారని చెప్పుకోవచ్చు. భద్రపరిచినదాన్ని అడిగితే అడిగినవాడే విశ్వాసం లేనివాడవుతాడు.

క్రిస్మస్ మర్నాడు పాలేర్లూ పేటవాళ్ళూ అందరూ మునసబుగారి వాకిట్లోకి వెళ్ళి పండగ దణ్ణం పెట్టుకోవడం ఆ ఊరి ఆనవాయితీ. ఆ రోజు కామరాజుగారు పతకం బయటికి తెప్పించి, అరుగు మీద నిలబడి, రిబ్బను పట్టుకుని ఊపేవాడు. ఇశ్రాయేలు వాకిట్లో నిలబడి, మడమలు చేర్చి, దానికి సెల్యూట్ కొట్టేవాడు. అరుగు మీది చుట్టాలు పొట్ట పట్టుకుని నవ్వేవారు. ఇశ్రాయేలు కూతురు అచ్చమ్మ, అంటే ఆనందరావు మేనత్త, చిన్నప్పుడు తండ్రి వేలు పట్టుకుని వెళ్ళి ఆ నవ్వులు విన్నది. 1934లో ఇశ్రాయేలు పోయాడు. ఆ తర్వాత పతకం అరుగు మీదికి రావడం మానేసింది. మరో పాతికేళ్ళకి హాల్లో అద్దాల ఫ్రేములో, కామరాజుగారి ఫోటో పక్కన వెలిసింది. మనవల కాలానికి అది ‘కలెక్టరు దొర మా తాతగారికి స్వయంగా తొడిగిన పతకం’ అయి కూర్చుంది. అప్పటికి రిబ్బను పురుగులు తినేశాయి.

ఆనందరావు దగ్గర మిగిలింది మేనత్త చెప్పిన గుర్తులే. నీలం గుడ్డ, మధ్యలో ఎర్ర చార, రాజు తల, ఆకుల దండ. ఎనిమిదో క్లాసుతో చదువాపి బైండింగు నేర్చుకున్న మనిషి, 1979లో పాత కాగితాల కొట్టులో మొదటి పుస్తకం చూశాడు. బిరుదుల బొమ్మలున్నాయి గానీ అన్నీ నలుపూ తెలుపూ. రిబ్బను రంగు తెలియదు. అప్పటి నుంచీ రంగుల పుస్తకాల వేట మొదలైంది.

పెద్దిళ్ళలో తాతలు పోయాక మనవలు పుస్తకాలు తూకానికి అమ్మేస్తారు. రావులపాలెం నుంచి రాజోలు దాకా కాగితాల కొట్లన్నిటికీ అతను చెప్పిపెట్టాడు, బొమ్మలున్న దొరల పుస్తకం వస్తే చించొద్దని, కబురు పెట్టమని. రాజోలులో ఒక మిఠాయి కొట్టులో పూతరేకులు చుట్టి ఇవ్వడానికి చించుతున్న పుస్తకంలోంచి పదహారు రంగు బొమ్మలు పట్టుకొచ్చాడు. పెళ్ళిళ్ళకి మద్రాసు వెళితే పెళ్ళి చూడకుండా ఫుట్‌పాత్‌లు తిరిగాడు. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ పుస్తకాలతోనే ఇంగ్లీషు నేర్చుకున్నాడు. 1996 నాటికి బీరువాలో ఇరవై రెండు పుస్తకాలు.

ఆ పుస్తకాల మీద అతనికి ప్రేమా ఉండేది, మంటా ఉండేది. చూపించేటప్పుడు ఎప్పుడూ ఒక సంగతి చెప్పేవాడు. మొదట యువరాజులకి ఇచ్చే నక్షత్రాలు, ఒక్కోదానికి పేజీ నిండా రంగులు, బంగారం. తర్వాత గవర్నర్లు. తర్వాత మన సంస్థానాధీశులు, మన రావుబహదూర్లు, దొరకి పూలదండ వేసి బిరుదు తెచ్చుకున్నవాళ్ళు. చిట్టచివర, సూచిక ముందు, సిపాయిల పతకాలు. పది పతకాలకి కలిపి ఒక్క పేజీ, అదీ చాలా పుస్తకాల్లో నల్లసిరాతో. “చచ్చినోడికి రంగు కూడా దండగే అనుకున్నారండి,” అనేవాడు. పుస్తకం అచ్చేసినవాడు ఎక్కడో లండన్‌లో కూర్చున్నాడు, మన ఊళ్ళో పేట ఎక్కడుందో అతనికి తెలియదు. అయినా ఊరి చివర ఎవర్ని పెట్టాలో ఎంత బాగా తెలుసో చూడండి.

1996 నవంబరులో తుఫాను కోనసీమని తుడిచిపెట్టింది. కొబ్బరి చెట్లు నడుములకి విరిగాయి. మునసబుగారింటి మేడ మీద పెంకులు లేచిపోయి, కామరాజుగారి పుస్తకాల గది మూడు రోజులు వానలో నానింది. మనవడు కేశవరావుకి అప్పటికి యాభై ఏళ్ళు. కొబ్బరి తోటలు, రొయ్యల చెరువులు, పార్టీ నాయకులతో రాకపోకలు. పుస్తకాలంటే ఆసక్తి లేదు గానీ, తాతగారి గుర్తులు కదా అని వాటిని రెండు గోనెసంచుల్లో వేయించి ఆనందరావు షాపులో దింపించాడు.

రంగు బొమ్మలుండే నున్నటి కాగితం తడిసి ఆరితే పేజీలన్నీ అతుక్కుని ఇటుకైపోతుంది. తడిగా ఉండగానే విడదీయాలి. ఆనందరావు నాలుగు రోజులు షాపు మూసి, ఒక్కో పేజీ మధ్యా అద్దుడు కాగితం పెట్టి విడదీశాడు. రెండో సంచి అడుగున ఒక బిరుదుల పుస్తకం దొరికింది. రావుసాహెబు బిరుదు వస్తుందని ఆశపడి కామరాజుగారు లండన్ నుంచి తెప్పించుకున్నది. బిరుదు రాలేదు, పుస్తకం మిగిలింది. చివరి పేజీల్లో సిపాయిల పతకాలున్నాయి, రంగుల్లో. అయిదోది వెండి బిళ్ళ. నీలం రిబ్బను, మధ్యలో ఎర్ర చార. కింద వివరం: భారతీయ సైనికులకి మాత్రమే, యుద్ధరంగంలో విశిష్ట సేవకి, పొందినవాని నంబరు, హోదా, పేరు, దళం అంచు మీద చెక్కబడును.

పదిహేడేళ్ళు ఊళ్ళు పట్టుకు తిరిగి వెతికిన బొమ్మ, పతకం తీసుకున్నవాడి పుస్తకంలోనే ఉంది. ఆనందరావు కూలీ వద్దన్నాడు, ఆ పుస్తకం ఇమ్మన్నాడు. తడిసిన పుస్తకం కోసం కూలీ వదులుకునే పిచ్చివాణ్ణి చూసి కేశవరావు నవ్వి, తీసుకోమన్నాడు.

అడిగే సందర్భం కోసం ఆనందరావు రెండేళ్ళు ఆగాడు. సందర్భం తనంతట తానే షాపు మెట్లెక్కింది. 1998 డిసెంబరులో కేశవరావు ఫ్రేమును టవల్లో చుట్టి పట్టుకొచ్చాడు. ఊరి హైస్కూలుకి స్థలమిచ్చింది కామరాజుగారే. బడి స్వర్ణోత్సవానికి గేటు దగ్గర ఆయన విగ్రహం పెడుతున్నారు. కొత్తపేటలో విగ్రహాలు చేసే భీమరాజుకి పని అప్పగించారు. రొమ్ము మీద పతకం ఉండాలి, రిబ్బను రంగేమిటో ఎవరికీ గుర్తులేదు.

“నీ దగ్గర దొరల బొమ్మల పుస్తకాలున్నాయంట కదయ్యా. ఇది చూసి రిబ్బను ఎలాగుండాలో భీమరాజుకి చెప్పు,” అన్నాడు కేశవరావు. ఫ్రేము మేకులు తుప్పు పట్టాయని, జాగ్రత్తగా విప్పి, మర్నాడు కొత్తపేటకి అతన్నే పట్టుకు రమ్మన్నాడు. వెళుతూ వెళుతూ, నల్లగా ఉంది, కంసాలి చేత తోమించమంటావా అని అడిగాడు.

“తోమకూడదండి. పాత పతకానికి ఆ నలుపే మర్యాద. తోమితే తెలిసినవాళ్ళెవరూ లెక్కచేయరు,” అన్నాడు ఆనందరావు. అది పుస్తకాల్లో చదివిన మాట. సేకరించేవాళ్ళు పతకాలు తోమరు. కేశవరావు బుద్ధిగా తలూపాడు. ఆనందరావు చెప్పిన అన్నిటిలోకీ ఆయన విన్నది ఈ ఒక్క మాటే.

మేకులు విప్పి, పతకం ఫ్రేములోంచి తీసి, ఆనందరావు అంచు తిప్పి చూశాడు. మట్టి పట్టి అక్షరాలు ఆనడం లేదు. బైండింగు పనిలో ఒక పద్ధతుంది. పాత వెన్ను తోలు ఊడదీసే ముందు, దాని మీద పల్చటి కాగితం వేసి పెన్సిలుతో రుద్దుతారు. తోలు మీది అక్షరాలు కాగితం మీదికి తెల్లగా తేలతాయి, కొత్త అట్ట మీద అదే తీరున కొట్టొచ్చు. ముప్ఫై ఏళ్ళుగా అలవాటైన చెయ్యి. ఉల్లిపొర కాగితం సన్నగా కోసి అంచు చుట్టూ చుట్టి రుద్దాడు. ముందు అంకెలు తేలాయి. తర్వాత సాపర్. తర్వాత ఇశ్రాయేలు. తర్వాత దళం పేరు.

పతకం జేబులో పెట్టుకుని ఊరి బస్సెక్కాడు. అచ్చమ్మకి అప్పటికి డెబ్భై ఆరేళ్ళు. పాక ముందు కూర్చుని కొబ్బరి ఈనెలు తీస్తోంది. చదువు లేదు. ఆనందరావు ఆవిడ చూపుడు వేలు పట్టుకుని అంచు మీద నెమ్మదిగా తిప్పాడు. ఇది ఇ, ఇది శ్రా అని చెప్పబోయి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఎలా చెప్పాలో తెలియక ఆగిపోయాడు. తండ్రిది అయిన వస్తువుని ఆవిడ మొదటిసారి ముట్టుకోవడం అది. చాలాసేపు అరచేతిలోనే ఉంచుకుంది.

మళ్ళీ ఇచ్చేయనని ఆనందరావు అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు.

“ఉంచుకుంటే దొంగతనం కేసెడతారు. మా అయ్య దొంగ మనవడి తాతవుతాడు. ఇచ్చెయ్యి. ఇచ్చేసి, అందరి ముందూ అడుగు.”

మర్నాడు కొత్తపేటలో, భీమరాజు షెడ్డులో, సగం అయిన కామరాజుగారి విగ్రహం ముందు ఆనందరావు అడిగాడు. పుస్తకం తెరిచి బొమ్మ చూపించాడు. ఈ పతకం సైనికులకి తప్ప ఎవరికీ ఇవ్వరని చదివి వినిపించాడు. అంచునీ, పెన్సిలుతో రుద్దిన కాగితాన్నీ పక్కపక్కన పెట్టి పేరు చూపించాడు. భీమరాజు కళ్ళద్దాలు తుడుచుకుని అక్షరాలు కూడబలుక్కుని చదివి, కేశవరావు వైపు చూశాడు.

కేశవరావు గొంతు పెంచలేదు. అలాంటివాళ్ళు పెంచరు. “అయితే ఏమంటావయ్యా ఇప్పుడు?”

“ఏమంటానండీ. విగ్రహం మీద పెట్టకండి. మా తాతగారిది మాకిప్పించండి.”

“డెబ్భై తొమ్మిదేళ్ళు మా ఇంట్లో ఉందయ్యా. మేం దాచకపోతే మీవాళ్ళు ఎప్పుడో కరిగించి గొలుసు చేయించుకునేవాళ్ళు. దాచిపెట్టినందుకు ఇదా?” అని, బల్ల మీది పతకం తీసి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత రెండు నెలలు ఆనందరావు తిరగని గుమ్మం లేదు. మండలాఫీసులో ఒక అధికారి పుస్తకంలో బొమ్మలన్నీ ఆసక్తిగా చూశాడు, టీ తెప్పించాడు, అర్జీ తీసుకున్నాడు. పెన్సిలు కాగితం సాక్ష్యమెలా అవుతుందని అడిగాడు. అసలు పతకం తెప్పించి చూడండి సార్ అంటే, పెద్దింటివాళ్ళని ఇంట్లో వస్తువు తెమ్మనడానికి తనకి అధికారం లేదన్నాడు. పేటలో ఒకడి ఇంట్లో ఒక కోడి ఎక్కువ కనిపిస్తే, ఎక్కడిదని అడగడానికి ఎంతమందికి అధికారం ఉంటుందో మనం చూస్తూనే ఉన్నాం. బడి పెద్దలు స్వర్ణోత్సవం పాడుచేయొద్దన్నారు. మంచివాళ్ళు, చదువుకున్నవాళ్ళు, చనిపోయినవాళ్ళ గురించి ఇప్పుడు గొడవెందుకన్నారు. విగ్రహం మాత్రం చనిపోయినవాడికే పెడుతున్నారు.

పేటలో కుర్రాళ్ళు విగ్రహాన్ని లేవనిచ్చేది లేదన్నారు. ఆనందరావు వాళ్ళని కూర్చోబెట్టి చెప్పాడు, రాయి మీద దెబ్బ పడితే రాయికి కేసుండదు, మీకుంటుంది అని. ఆవిష్కరణ రోజు ఊళ్ళోవాళ్ళందరూ రావాలని మాత్రం అన్నాడు.

1999 ఫిబ్రవరిలో ఆవిష్కరణ. షామియానా, మైకు, వేదిక మీద నాయకులు. గేటు పక్కన గుడ్డ కప్పిన విగ్రహం. పెన్సిలు కాగితం మాట అప్పటికి ఊరంతా పాకింది. కేశవరావు దాన్ని ఒక్క దెబ్బతో ముగించేద్దామనుకున్నాడు. మైకు అందుకుని, కొందరు అంచు మీద ఏదో పేరుందని ప్రచారం చేస్తున్నారని, తమ కుటుంబానికి దాపరికం లేదని, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చని ప్రకటించాడు. వెండి పళ్ళెంలో ఎర్ర గుడ్డ పరిచి, దాని మీద పతకం పెట్టి, వేదిక ముందు బల్ల మీద ఉంచారు.

ఆనందరావు ముందు వెళ్ళాడు. పతకం తీసి అంచు చూశాడు. పేరు లేదు. అంకెలు లేవు. బొటనవేలు పెడితే జారిపోయేంత నున్నగా ఉంది. చేతిలోని పెన్సిలు కాగితం పక్కన పెట్టి, అంచు మళ్ళీ చుట్టూ తిప్పి చూశాడు. ఎనభై ఏళ్ళుగా మిగిలిన ఒక్క సాక్ష్యాన్ని కంసాలి ఆకురాయి ఒక పూటలో గోకేసింది. వేదిక మీద ఎవరో, పాపం పెద్దాయన పొరబడ్డాడు అన్నారు, జాలిగా. ఆ జాలి చెంపదెబ్బ కన్నా ఎక్కువ తగిలిందని తర్వాత చెప్పాడు.

అచ్చమ్మ మనవరాలి భుజం పట్టుకుని బల్ల దాకా వచ్చింది. పతకం అందుకుని, రాజు తల చూసింది, తిప్పి ఆకుల దండ చూసింది. రెండువైపులా మసి పట్టినట్టు నలుపు. తర్వాత నిలువుగా పట్టుకుని ఎండకి పెట్టింది. అంచు తళుక్కుమంది, చుట్టూ, కొత్త కాలి పట్టీలాగా. వెనక వరసల దాకా కనిపించింది.

“బాబూ కేశవరావు గారూ,” అంది ఆవిడ. మైకు అక్కర్లేకపోయింది. “మొహం ఎనభై ఏళ్ళ ముసిలిదండి, అంచు నిన్న పుట్టిందేటండీ?”

వెండి గురించి ఆ ఊళ్ళో ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. ముందు ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు మొదలైంది. పేట ఆడవాళ్ళు మాత్రమే కాదు, కుర్చీల్లో కూర్చున్న పట్టుచీరల వాళ్ళు కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆ ఇంటి అరుగు మీద నవ్విన నవ్వు అరవై అయిదేళ్ళకి తిరిగి వచ్చింది. తోమకూడదని ఆనందరావు చెబితే విని, కేశవరావు మొహాలు ముట్టుకోవద్దని, అంచు మాత్రం చూడమని కంసాలికి చెప్పి ఉంటాడు. పాతదనం కావాలి, పేరు మాత్రం వద్దు.

కింద పడి సొట్టపోతే సరిచేయించామని కేశవరావు మైకులో అన్నాడు. చుట్టూ సమానంగా సొట్టపోయే పతకం గురించి ఎవరూ ఏమీ అడగలేదు. ముఖ్య అతిథి వాచీ చూసుకున్నాడు. తాడు లాగారు, గుడ్డ జారింది. కామరాజుగారు రొమ్ము మీద పతకంతో నిలబడ్డారు. రిబ్బను నీలం, మధ్యలో ఎర్ర చార. ఆ రంగులు ఆనందరావు పుస్తకంలోవే.

నిజం అందరి కళ్ళ ముందూ మెరిసింది, అయినా అరగంటలో సభ ముగిసి, పులిహోర పొట్లాలు పంచారు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు మండేది అబద్ధాన్ని చూసి కాదు. అబద్ధం బయటపడ్డాక కూడా పొట్లం అందుకుని ఇళ్ళకి పోయినవాళ్ళని చూసి.

ఊరు నవ్వడం మాత్రం మానలేదు. ఆ గేటు ముందు నుంచి వెళ్ళే ప్రతివాడూ విగ్రహం రొమ్ము వైపు చూసి నవ్వేవాడు. రెండు నెలలు భరించి, కేశవరావు విగ్రహం మీది పతకం తీసేయమని భీమరాజుకి కబురు పెట్టాడు. “నేను పెట్టానండి, తీసేది మీరు. తీసేవాళ్ళ పేరు ఊరికి తెలియాలి కదండీ,” అన్నాడట భీమరాజు. ఎవరో తాపీమేస్త్రీని పెట్టి చెక్కించి తీయించారు. పతకం ఉన్నచోట గుంట పడింది. సిమెంటు పూశారు. ఏటా విగ్రహానికి రంగు వేస్తారు, ఆ సిమెంటు ముక్క మాత్రం వేరే రంగు తిరుగుతుంది.

విగ్రహం మీదిది తీశారు గానీ, అసలుది ఇవ్వలేదు. ఒప్పుకోలేదు. ఇంతకన్నా మాకేం కావాలి అని కొందరన్నారు. ఆనందరావుకి కావలసింది ఎవరి రొమ్ము మీద నుంచో పతకం రాలడం కాదు.

ఆ ఏడు క్రిస్మస్ మర్నాడు, డిసెంబరు ఇరవై ఆరున, ఉదయం పదింటికి, ఇస్త్రీ బట్టలతో, కాళ్ళకి బూట్లతో అతను మునసబుగారింటి వాకిట్లోకి వెళ్ళాడు. తాత నిలబడ్డచోట నిలబడ్డాడు. సెల్యూట్ కొట్టలేదు. “ఇశ్రాయేలు గారి పతకం కోసం వచ్చానండి,” అన్నాడు. మొదటి ఏడు కేశవరావు బయటికొచ్చి, అరుగు మీద నుంచి, వెళ్ళమన్నాడు. రెండో ఏడు పాలేరుని పంపాడు. మూడో ఏడు పుస్తకాలన్నీ తనకిచ్చేస్తే ఆలోచిస్తానని కబురు చేశాడు. ముఖ్యంగా ఆ తడిసిన పుస్తకం. ఆనందరావు నవ్వి, అందులో మీ తాతగారి పేజీ లేదండి, మా తాతగారిదే ఉంది అని చెప్పి పంపాడు.

2002లో అచ్చమ్మ పోయింది. 2007 ఆగస్టులో ఆనందరావు పోయాడు. ఎనిమిదేళ్ళూ, ఒక్క ఏడు జ్వరంతో ఆటోలో అయినా సరే, డిసెంబరు ఇరవై ఆరు తప్పలేదు. పోయేముందు ఆ తడిసిన పుస్తకాన్ని తన చేత్తో మళ్ళీ కుట్టాడు. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన మైదా జిగురు, ముదురు నీలం క్యాలికో గుడ్డ, వెన్ను మధ్యలో ఎర్ర పట్టీ. పతకం బొమ్మకి ఎదురుగా, ఉల్లిపొర కాగితం ఉండాల్సినచోట, ఆ పెన్సిలు కాగితాన్ని కుట్టాడు. ఇప్పుడు బొమ్మ చూడాలంటే ముందు ఇశ్రాయేలు పేరు ఎత్తాలి. ముప్ఫై ఒక్క పుస్తకాలూ పేట సామాజిక భవనంలో, ఆ చెక్క బీరువాలోనే ఉన్నాయి. కాళ్ళ కింద కొబ్బరిచిప్పల్లో కిరసనాయిలు వంతుల వారీగా పోస్తున్నారు.

పతకం ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. దాని మీద ఇప్పుడు ఎవరి పేరూ లేదు కాబట్టి, ఎవరూ ఏమీ చేయలేరని ఆ ఇంటివాళ్ళ ధీమా.

ఆనందరావు పోయిన ఏడాదే, డిసెంబరు ఇరవై ఆరున పేట నుంచి నలభై మంది వెళ్ళారు, ఆడా మగా. అందరూ చెప్పులతో వాకిట్లో నిలబడ్డారు. ముందు నిలబడ్డ మనిషి చేతిలో ఆ నీలం పుస్తకం. “ఇశ్రాయేలు గారి పతకం కోసం వచ్చామండి,” అన్నారు. పాలేరు బయటికొచ్చి, అయ్యగారు ఊళ్ళో లేరన్నాడు. అయ్యగారి కారు షెడ్డులోనే ఉంది. అరుగు మీద, సరిగ్గా కామరాజుగారు రిబ్బను పట్టుకుని ఊపినచోట, కేశవరావు చెప్పుల జత ఉంది.

వస్తారుగా, ఉంటామన్నారు నలభై మందీ. మధ్యాహ్నం దాకా నిలబడ్డారు.